నాజీలు ఆ సొరంగాలను అంత వేగంగా ఎలా తవ్వగలిగారు?

మీరు అడిగింది ఇది: "రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు కొండల కింద కిలోమీటర్ల కొద్దీ రహస్య సొరంగాలు తవ్వి, వాటిల్లో రాకెట్ ఫ్యాక్టరీలు పెట్టారని వీడియోల్లో చూశాను. కొన్ని నెలల్లోనే అదంతా ఎలా సాధ్యమైంది? అంత గొప్ప టెక్నాలజీ ఉండేదా? లోపల బంగారం దాచారన్నది నిజమేనా?"

బంగారం సంగతి తర్వాత చెప్తాను. ముందు టెక్నాలజీ. నేను సింగరేణిలో అండర్‌గ్రౌండ్ గనుల్లో ఇంజినీర్‌గా పనిచేసి రిటైరయ్యాను. డ్రిల్లు వేయడం, మందు నింపి పేల్చడం, రూఫ్ నిలబెట్టుకుంటూ ముందుకు పోవడం, ఇదే నా ఉద్యోగం. మా అమ్మాయి జర్మనీలో ఉంటుంది కాబట్టి, వాటిల్లో అన్నిటికన్నా పేరున్న సొరంగాన్ని, నార్డ్‌హౌజెన్ ఊరి పక్కనున్న మిట్టెల్‌బౌ-డోరాని, లోపలికి వెళ్లి చూశాను. దాని గురించి చాలా చదివాను కూడా. ఆ పనివాడిగా నాకు అర్థమైంది చెప్తాను. అండర్‌గ్రౌండ్‌లో మనిషి ప్రాణం కాపాడటానికే కొంత టైం పడుతుంది. పొగ పోయేదాకా ఆగాలి, రూఫ్ చూసుకోవాలి, మనిషిని పైకి పంపి విశ్రాంతి ఇవ్వాలి. డోరాలో ఆ టైం మొత్తాన్నీ కోసేశారు. ఆ వేగం అక్కడి నుంచి వచ్చింది. దాన్ని జర్మన్ ఇంజినీరింగ్ గొప్పతనమని చెప్పే వీడియోలు చూస్తే నాకు కడుపు మండుతుంది.

అసలు కొండ కిందికి ఎందుకు వెళ్లారంటే, పైన బతకనివ్వని పరిస్థితి వచ్చింది. దూరంలోని నగరాల మీద పేల్చడానికి చేసిన వీ-2 రాకెట్లను బాల్టిక్ సముద్ర తీరంలోని పేనెమ్యుండెలో తయారుచేసి పరీక్షించేవాళ్లు. 1943 ఆగస్టు 17 రాత్రి దాదాపు 600 బ్రిటిష్ బాంబర్లు వచ్చి ఆ చోటు మీద బాంబులు కురిపించాయి. ఇక ఆకాశం కింద ఏ ఫ్యాక్టరీకీ భద్రత లేదని తేలిపోయింది. కొద్ది రోజుల్లోనే ఉత్పత్తిని భూగర్భంలోకి మార్చాలని హిట్లర్, ఆయుధ శాఖ మంత్రి ఆల్బర్ట్ స్పీర్, ఎస్‌ఎస్ (శిబిరాలు నడిపిన నాజీ సాయుధ దళం) అధిపతి హిమ్లర్ నిర్ణయించారు. నిర్మాణం బాధ్యత ఎస్‌ఎస్‌లో నిర్మాణ పనులు చూసే హాన్స్ కమ్లర్‌కి అప్పజెప్పారు. బాంబు దాడి జరిగి రెండు వారాలు కూడా తిరక్కముందే, ఆగస్టు 28న, బుకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరం నుంచి మొదటి 107 మంది ఖైదీలు ఈ సొరంగం ఉన్న కోన్‌స్టైన్ కొండ దగ్గర దిగారు.

ఇక్కడ వీడియోలు ఎగరగొట్టే ఒక విషయం ఉంది. ఆ కొండని సున్నా నుంచి తవ్వలేదు. అక్కడ 1917 నుంచే అన్‌హైడ్రైట్ గని నడిచింది. 1936 నుంచి జర్మన్ ప్రభుత్వ సంస్థ ఒకటి యుద్ధం కోసం ఇంధనం, నూనెలు దాచే డిపోగా దాన్ని పెంచుకుంటూ వచ్చింది. అంటే ఖైదీలు వచ్చేసరికే ఏడేళ్ల పని అయిపోయి ఉంది. నేలమీద నిచ్చెన పడుకోబెట్టినట్టు ఉంటుంది ఆ ప్లాను: ఏ, బి అనే రెండు పెద్ద సొరంగాలు కొండ ఉత్తరం వైపు నుంచి దక్షిణం వైపుకి కొద్దిగా వంపు తిరిగి పక్కపక్కనే పోతాయి, ఒక్కొక్కటీ 2 కిలోమీటర్లకి కాస్త తక్కువ. ఆ రెండిటినీ కలుపుతూ అడ్డంగా 46 హాళ్లు. పెద్ద సొరంగంలో రెండు రైలు పట్టాలు పక్కపక్కనే పట్టేంత వెడల్పు. 1943 ఆగస్టు నాటికి బి సొరంగం దాదాపు పూర్తయింది. 'ఏ' అనే సొరంగం మాత్రం దక్షిణం వైపు ఇంకా బయటపడలేదు. చాలా హాళ్లు మిగిలే ఉన్నాయి. ఖైదీల చేత చేయించిన మొదటి పని ఈ మిగిలిన తవ్వకం, డిపోలోని పీపాలన్నీ ఖాళీ చేయడం, తర్వాత యంత్రాలు మోసి లోపల బిగించడం.

రాయి గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, లేకపోతే ఆ కొండనే ఎందుకు ఎంచుకున్నారో అర్థం కాదు. అన్‌హైడ్రైట్ అంటే నీళ్లు లేని జిప్సం అనుకోండి. గట్టిది, పొడిగా ఉన్నంతకాలం తనంతట తానే నిలబడుతుంది. మన బొగ్గు గనిలో రూఫ్‌కి బోల్టులు, దిమ్మెలు పెట్టుకుంటూ పోవాలి. అక్కడ అంత పెద్ద హాలుకి కూడా సపోర్టు పెద్దగా అక్కర్లేకపోయింది. తవ్వేవాడికి ఇది వరమే. అయితే ఆ రాయికి తేమ తగిలితే నీటిని పీల్చుకుని జిప్సంగా మారి ఉబ్బుతుంది, పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. ఇప్పుడు లోపల చూస్తే రూఫ్ నుంచి ఊడిపడిన బండలు గుట్టలుగా కనిపిస్తాయి.

ఇక ఆ టైం సంగతి. మామూలు గనిలో పని ఒక చక్రంలా నడుస్తుంది. ఫేస్‌లో, అంటే తవ్వుతున్న ఎదుటి గోడలో, రంధ్రాలు వేస్తాం, మందు నింపుతాం, మనుషులందర్నీ వెనక్కి పంపించి పేలుస్తాం. తర్వాత ఆగుతాం. ఎందుకంటే పేలుడు పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు ఉంటాయి. కంటికి పొగ తగ్గినట్టు కనబడ్డా విషం అలాగే ఉండొచ్చు. అనుభవమున్నవాడు ముందు వెళ్లి గాలి చూస్తాడు. ఆ తర్వాత ఇనుప కడ్డీతో రూఫ్ కొట్టి చూస్తాడు. గట్టి రాయి ఖణేల్‌మంటుంది, విడిపోయిన రాయి బోలుగా పలుకుతుంది. వదులుగా ఉన్నదాన్ని లాగి కింద పడేస్తాడు. అప్పుడు గానీ రాయి ఎత్తేవాళ్లని లోపలికి రానివ్వరు. ఈ పద్ధతి ఒక్క పూట తప్పినా ఏమవుతుందో మా గనుల్లో పనిచేసిన ప్రతి కుటుంబానికీ తెలుసు.

డోరాలో మొదటి నెలల్లో ఈ ఆగడం లేదు. బతికి బయటపడినవాళ్లు చెప్పిన సాక్ష్యాలన్నిటిలో అదే కనబడుతుంది. పేలుడు పొగ ఇంకా సొరంగం నిండా ఉండగానే కాపోలు, గార్డులు కర్రలతో తరుముతూ రాయి ఎత్తమనేవాళ్లు. కాపో అంటే ఖైదీల్లోంచే ఎస్‌ఎస్ ఏరుకుని మిగతావాళ్ల మీద పెట్టిన అజమాయిషీదారు. బండలు చేతులతో ఎత్తి టబ్బుల్లో వేయాలి. చెప్పులు చెక్కవి, చాలామందికి అవీ సరిగ్గా లేవు. తలకి టోపీ లేదు, ముక్కుకి గుడ్డ లేదు. గాలి మార్చే ఏర్పాటు ఇంధన పీపాలు నిలవ చేసే డిపోకి సరిపోయేలా ఉందేమో గానీ, వేలమంది ఊపిరి పీల్చే చోటుకి కాదు. షిఫ్టు 12 గంటలు.

షిఫ్టు అయ్యాక పైకి పోయేవాళ్లేమో అనుకుంటారు. పోలేదు. ఈ భాగం కొంచెం నిదానంగా చదవండి. పైన శిబిరం కట్టడానికి కలప, కూలీలు, టైం ఖర్చవుతాయి కాబట్టి, ముందు ఫ్యాక్టరీ పూర్తికావాలి, బ్యారక్‌లు తర్వాత అని నిర్ణయించారు. దక్షిణం చివర ఉన్న 43 నుంచి 46 వరకు నాలుగు హాళ్లని ఖైదీలు పడుకునే చోటు చేశారు. నాలుగు అంతస్తుల చెక్క మంచాలు వరసలు వరసలుగా. ఒక షిఫ్టు లేచి పనికి వెళ్తే అవే మంచాల మీద, అదే గడ్డి మీద రెండో షిఫ్టు వచ్చి పడుకునేది. పక్కనే ఇంకో హాలులో పేలుళ్లు జరుగుతూనే ఉండేవి, దుమ్ము వచ్చి మంచాల మీద పడేది. మరుగుదొడ్డి అంటే నూనె పీపాని సగానికి కోసి పైన ఒక పలక వేసింది. అవి నిండి పొంగేవి. స్నానానికి నీళ్లు లేవు, తాగడానికే సరిగ్గా లేవు. పైపుల మీద చెమ్మని నాలుకతో అందుకున్నామని చెప్పినవాళ్లు ఉన్నారు. ఎండ అన్నది వారానికి ఒకసారి హాజరు కోసం బయటికి తెచ్చినప్పుడు చూడటమే. అదీ మబ్బు పట్టిన జర్మన్ చలికాలంలో. లోపల ఎప్పుడూ 8 డిగ్రీలు. మనకి అది డిసెంబరులో ఆదిలాబాద్ తెల్లవారుజాము చలి. ఆ చలిలో పలచటి చారల బట్టలతో, కడుపు మాడుతూ నెలల తరబడి పడుకుంటే నిమోనియా, క్షయ, విరేచనాలు రాక ఏమవుతుంది?

1943 అక్టోబరు నుంచి 1944 మార్చి లోపు అక్కడ చనిపోయినవాళ్లు దాదాపు 2,900 మంది. ఇక పనికిరారని తేల్చిన మరో 3,000 మందిని 1944 మొదటి నెలల్లో మూడు రైళ్లలో మైదానెక్, బెర్గెన్-బెల్సెన్ శిబిరాలకి పంపేశారు. వాళ్లలో బతికినవాళ్లు చాలా తక్కువ. మొదట డోరాలో శవాలు కాల్చే ఏర్పాటు కూడా లేదు కాబట్టి లారీల్లో బుకెన్‌వాల్డ్‌కి పంపేవాళ్లు. పైన చెక్క బ్యారక్‌ల శిబిరం పూర్తయి అందరూ సొరంగంలోంచి బయటికి వచ్చేసరికి 1944 వేసవి అయింది.

ఈ లెక్కల పక్కన ఒక ఉత్తరం పెట్టి చూడాలి. స్పీర్ 1943 డిసెంబరు 10న స్వయంగా ఆ సొరంగానికి వచ్చి చూశాడు. వారం తర్వాత, డిసెంబరు 17న కమ్లర్‌కి ఉత్తరం రాశాడు. ముడి స్థితిలో ఉన్న ఆ భూగర్భ కట్టడాన్ని నమ్మలేనంత తక్కువ కాలంలో, రెండు నెలల్లో, ఫ్యాక్టరీగా మార్చారని, అలాంటిది ఐరోపాలో ఇంకొకటి లేదని, అమెరికా ప్రమాణాలతో చూసినా దాన్ని మించింది ఉండదని మెచ్చుకున్నాడు. మీరు చూసిన వీడియోలో "నెలల్లోనే" అన్న ఆశ్చర్యం ఉంది కదా, అది అప్పటి మంత్రిగారి పొగడ్తలోనూ ఉంది. ఆ రెండు నెలల ఖర్చు ఏమిటో పైన చెప్పాను.

ఫ్యాక్టరీ నడిచాక ఎలా ఉండేదో క్లుప్తంగా. 'ఏ' అనే సొరంగం లోపలికి సామాను తెచ్చే దారి. హాళ్లలో విడిభాగాల తయారీ. బి సొరంగంలో పట్టాల మీద రాకెట్ ఒక్కో దశ దాటుకుంటూ దక్షిణం వైపు జరిగేది. 14 మీటర్ల పొడవున్న రాకెట్‌ని నిలబెట్టి పరీక్షించడానికి 41వ హాలుని లోతుగా తవ్వారు. ఉత్తరం వైపు హాళ్లలో యుంకర్స్ కంపెనీ జెట్ విమానాల ఇంజిన్లు తయారుచేసేది. 1943 అక్టోబరులో ఇచ్చిన ఆర్డరు 12,000 రాకెట్లకి, ఒక్కోదానికి 40,000 మార్కులు (అప్పటి జర్మన్ డబ్బు). చివరికి తయారైనవి దాదాపు 6 వేలు. మొదట్లో వచ్చినవి చాలా భాగం గాల్లోనే పగిలిపోవడమో, దారి తప్పడమో జరిగేది.

అందులో కొంత ఖైదీల పని కూడా. సోవియట్, పోలిష్, ఫ్రెంచ్ ఖైదీలే ఎక్కువమంది అక్కడ. వెల్డింగ్ సరిగ్గా అతకకుండా వదిలేయడం, స్క్రూ పూర్తిగా బిగించకపోవడం, విద్యుత్ భాగాల మీద మూత్రం పోసి తుప్పు పట్టించడం, ఇలాంటివి బతికినవాళ్లు చెప్పారు. ఒక్కో రాకెట్‌లో వేల భాగాలుంటే ఏది ఎవరి వల్ల చెడిందో కనిపెట్టడం కష్టం కాబట్టి ఎస్‌ఎస్ అనుమానం మీదే శిక్ష వేసేది. సొరంగంలో బరువులు ఎత్తే క్రేనుకి ఒకేసారి పలువుర్ని ఉరితీసి, షిఫ్టు మారేవాళ్లంతా ఆ శవాల కింద నుంచే నడిచి వెళ్లేలా వదిలేసేవాళ్లు. 1945 ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే వందమందికి పైగా ఖైదీల్ని ఉరితీశారు. అయినా కొందరు ఆ పని మానలేదు. అండర్‌గ్రౌండ్‌లో ధైర్యం అనే మాట నేను చాలాసార్లు విన్నాను, వాడాను. ఈ మనుషుల గురించి చదివాక ఆ మాట వాడేటప్పుడు ఆలోచిస్తున్నాను.

వీ-2 ప్రయోగాలు 1944 సెప్టెంబరు 8న పారిస్, లండన్ల మీద మొదలయ్యాయి. మొత్తం 3 వేలకి పైగా ప్రయోగించారు, ఎక్కువగా బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ మీద, లండన్ మీద. బ్రిటన్‌లో వాటివల్ల సుమారు 2,700 మంది చనిపోయారు. ఆంట్‌వెర్ప్‌లో డిసెంబరు 16న ఒక్క రాకెట్ రెక్స్ సినిమా హాలు మీద పడి 567 మంది చనిపోయారు. ఇది చిన్న విషయం కాదు. అయితే మిట్టెల్‌బౌ-డోరా, దాని దాదాపు 40 ఉపశిబిరాల్లో ఏడాదిన్నర కాలంలో ఉన్న 60,000 మంది ఖైదీల్లో 20,000 మంది చనిపోయారు. ఆ రాకెట్ తగిలి చనిపోయినవాళ్ల కన్నా, ఆ రాకెట్ కోసం కట్టిన వ్యవస్థలో చనిపోయినవాళ్లే ఎక్కువ. నాకు తెలిసి ఏ ఆయుధం గురించీ ఇలా చెప్పాల్సి రాలేదు.

"రహస్యం" అన్నారు కదా, దాని గురించి కూడా స్పష్టంగా మాట్లాడుకోవాలి. శత్రు విమానాలకి రహస్యమే. చుట్టుపక్కల ఊళ్లకి మాత్రం కాదు. లోపల ఖైదీల పక్కనే వేలమంది జర్మన్ మామూలు ఉద్యోగులు, ఇంజినీర్లు, ఫోర్‌మెన్‌లు పనిచేసి సాయంత్రం ఇంటికి వెళ్లేవాళ్లు. ఉపశిబిరాలు ఊళ్ల మధ్యలో, పాత ఫ్యాక్టరీ షెడ్లలో ఉండేవి. చారల బట్టల వరసలు రోజూ వీధుల్లోంచి, రైల్వే స్టేషన్ల మీదుగా నడిచి వెళ్లేవి. ఎల్రిచ్ అనే ఊళ్లో స్టేషన్ పక్కనే ఉన్న ఉపశిబిరం డోరా కన్నా ఘోరమని ఖైదీలే చెప్పుకునేవాళ్లు. అక్కడినుంచి రోజూ తీసుకెళ్లి కొత్త సొరంగాలు, కొత్త రైలు మార్గం పని చేయించేవాళ్లు. కంపెనీలు ఖైదీలకి రోజువారీ అద్దె ఎస్‌ఎస్‌కి కట్టేవి. 1944లో సాధారణ రేటు పని తెలిసినవాడికి 6 మార్కులు, తెలియనివాడికి 4 మార్కులు. ఖైదీకి అందులో ఒక్క పైసా లేదు. బిల్లులు, రసీదులు, హాజరు పట్టీలు అన్నీ నడిచాయి. అంతమంది గుమస్తాలు లెక్క రాసిన పనిని రహస్యమని ఎలా అంటాం?

డోరా ఒక్కటే కాదు. 1944 ఫిబ్రవరిలో విమాన ఫ్యాక్టరీల మీద అమెరికన్, బ్రిటిష్ దాడులు ముమ్మరమయ్యాక ప్రతి పెద్ద కంపెనీకీ ఒక సొరంగం కావాల్సి వచ్చింది. ఆస్ట్రియాలో గూసెన్ పక్కన ఇసుకరాయి కొండలో మెస్సర్‌ష్మిట్ జెట్ విమానాల కోసం ఒకటి తవ్వించారు. ఇసుకరాయి అన్‌హైడ్రైట్‌లా నిలబడదు, మీద పడుతుంది. అక్కడ తవ్విన ఖైదీల పరిస్థితి ఎంత ప్రమాదమో గని పని తెలిసినవాడికి వేరే చెప్పక్కర్లేదు. ఆస్ట్రియాలోనే ఇంకో సొరంగ శిబిరం ఎబెన్‌జేలో దాదాపు 27,000 మంది ఖైదీల్ని దించారు, 8,000 మందికి పైగా చనిపోయారు. అక్కడ 1945 మే 5న జరిగింది ఒకటి తప్పక చెప్పాలి. అమెరికన్లు దగ్గరికి వచ్చేశారు. శిబిరం కమాండెంట్ ఖైదీలందర్నీ నిలబెట్టి, ఇక్కడ యుద్ధం జరగబోతోంది, మీ భద్రత కోసం సొరంగంలోకి వెళ్లండి అన్నాడు. వేలమంది ఖైదీలు ఒక్కసారిగా వెళ్లం అన్నారు. లోపలికి వెళ్తే పేల్చేస్తారని వాళ్లకి అర్థమైంది. ఎస్‌ఎస్ వెనక్కి తగ్గింది. మర్నాడు అమెరికన్ ట్యాంకులు వచ్చాయి.

ఇప్పుడు బంగారం. ఆ కథలన్నీ ఎక్కువగా పోలండ్‌లోని గూబల కొండల చుట్టూ తిరుగుతాయి. అక్కడ "రీజె" పేరుతో 1943 నుంచి క్షియాజ్ కోట కింద, చుట్టుపక్కల కొండల్లో ఏడు చోట్ల సొరంగాలు తవ్వించారు. ఏదీ పూర్తికాలేదు. హిట్లర్‌కి ప్రధాన స్థావరం కోసమని కొందరు, ఫ్యాక్టరీల కోసమని కొందరు చరిత్రకారులు అంటారు. కాగితాలు తక్కువ దొరికాయి కాబట్టి ఖాళీ జాగాలో కథలు మొలిచాయి. 2015 ఆగస్టులో ఇద్దరు నిధి వేటగాళ్లు అదే ప్రాంతంలోని వావ్‌బ్జిఖ్ ఊరి దగ్గర రైలు పట్టాల కింద బంగారు రైలు ఉందని ప్రకటించారు. ఒక ఉప మంత్రి కూడా దాదాపు ఖాయమే అన్నట్టు మాట్లాడటంతో ప్రపంచమంతా హడావుడి. ఆ డిసెంబరులో క్రాకోవ్ శాస్త్రవేత్తలు పరికరాలతో పరీక్షించి అక్కడ రైలు లేదన్నారు. 2016 ఆగస్టులో తవ్వి కూడా చూశారు. మట్టి తప్ప ఏమీ లేదు. కాబట్టి మీ ప్రశ్నకి సూటి సమాధానం: ఆ బంగారు రైలు దొరకలేదు.

ఆ సొరంగాల్లో నిజంగా జరిగింది మాత్రం కాగితాల మీద ఉంది. గ్రోస్-రోజెన్ శిబిరం కింద సుమారు 13,000 మంది యూదు ఖైదీల్ని, చాలామందిని హంగరీ, పోలండ్ల నుంచి ఆష్‌విట్జ్ మీదుగా, అక్కడికి తెచ్చారు. సుమారు 5,000 మంది చనిపోయారని అంచనా. బంగారం గురించి ఉన్న ప్రతి వంద వీడియోలకి ఈ మనుషుల గురించి ఒకటైనా ఉంటుందా అని నా బాధ.

డోరా ముగింపు దారుణంగా జరిగింది. 1945 జనవరి నుంచి తూర్పున ఖాళీ చేసిన ఆష్‌విట్జ్, గ్రోస్-రోజెన్ల నుంచి వేలమందిని ఇక్కడికి తోలారు. చావుకి దగ్గరైనవాళ్లని నార్డ్‌హౌజెన్ ఊళ్లోనే ఉన్న పాత వైమానిక దళం బ్యారక్‌లలో పడేసి వదిలేశారు. ఏప్రిల్ 3, 4 తేదీల్లో బ్రిటిష్ విమానాలు ఊరి మీద బాంబులేస్తే అక్కడే వెయ్యిమందికి పైగా ఖైదీలు చనిపోయారు. మిగతా శిబిరాలవాళ్లని రైళ్లలో, కాలినడకన తరిమారు. గార్డెలెగెన్ ఊరి దగ్గర ఏప్రిల్ 13న ఇలా వచ్చినవాళ్లని ఒక ధాన్యపు కొట్టంలోకి తోలి తలుపులేసి నిప్పు పెట్టారు. 1,016 మంది చనిపోయారు. ఏప్రిల్ 11న నార్డ్‌హౌజెన్‌లోకి వచ్చిన అమెరికన్ సైనికులకి బ్యారక్‌లలో వందల శవాలు, వాటి మధ్య ఇంకా ఊపిరి ఉన్నవాళ్లు కనిపించారు. ఊళ్లోవాళ్ల చేత ఆ శవాల్ని మోయించి పూడ్పించారు.

సొరంగం మాత్రం చెక్కుచెదరలేదు, యంత్రాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ ప్రాంతం సోవియట్లకి అప్పజెప్పాలి కాబట్టి, అమెరికన్లు గబగబా దాదాపు 100 రాకెట్లకి సరిపడే భాగాలు రైళ్లలో ఆంట్‌వెర్ప్‌కి చేర్చి ఓడల్లో పంపేసుకున్నారు. జులైలో వచ్చిన సోవియట్లు మిగిలింది తీసుకుని, జర్మన్ నిపుణుల్ని చేరదీసి, పక్క ఊరు బ్లైషెరోడెలో తమ రాకెట్ పని మొదలుపెట్టారు. రెండు దేశాల అంతరిక్ష కార్యక్రమాల వేళ్లూ ఇక్కడున్నాయి.

వీ-2 రూపకల్పనకి సాంకేతిక నాయకుడైన వెర్నర్ వాన్ బ్రాన్ గురించి అడిగేవాళ్లు ఉంటారు. ఆయన ఎస్‌ఎస్ సభ్యుడు, మేజర్ స్థాయి హోదా. సొరంగానికి వచ్చి చూసిన సంగతి ఆయనే ఒప్పుకున్నాడు. 1944 ఆగస్టు 15న ఫ్యాక్టరీ అధికారికి రాసిన ఉత్తరంలో, తాను బుకెన్‌వాల్డ్‌కి వెళ్లి సాంకేతిక పని తెలిసిన ఖైదీల్ని చూసి, వాళ్లని డోరాకి బదిలీ చేయించే ఏర్పాటు చేశానని చెప్పాడు. ఏమీ తెలియని శాస్త్రవేత్త అన్న బొమ్మ ఆ ఒక్క ఉత్తరంతో చెరిగిపోతుందని నా అభిప్రాయం. డోరాలో ఉత్పత్తి చూసిన ఆర్థర్ రుడాల్ఫ్ తర్వాత అమెరికాలో చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన సాటర్న్-5 రాకెట్‌కి ప్రాజెక్టు మేనేజర్ అయ్యాడు. న్యాయశాఖ విచారణ మొదలయ్యాక 1984లో అమెరికా పౌరసత్వం వదులుకుని జర్మనీకి వెళ్లిపోయాడు. డోరా నేరాల మీద 1947లో డాహౌలో అమెరికన్ సైనిక కోర్టు 19 మందిని విచారించింది. 15 మందికి శిక్ష, నలుగురు నిర్దోషులు, ఒక్కరికే ఉరి. ఫ్యాక్టరీ డైరెక్టర్ నిర్దోషిగా బయటపడ్డాడు. 20,000 మంది చావుకి ఆ తీర్పు సరిపోతుందా అంటే, సరిపోదనే అంటాను.

వెళ్లి చూడాలనుకుంటే: జర్మనీలో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న మనవాళ్లకి కష్టం కాదు. నార్డ్‌హౌజెన్ స్టేషన్ దిగితే స్మారకం ఊరి అంచునే ఉంది. సోవియట్లు 1948లో సొరంగం ద్వారాలు పేల్చేశారు, అందుకే 1995లో పక్కనుంచి కొత్తగా ఒక చిన్న సొరంగం తవ్వి దారి చేశారు. గైడుతోనే లోపలికి పంపిస్తారు, ఒంటరిగా వదలరు. చూడనిచ్చేది చాలా చిన్న భాగం. మిగతాది కూలిపోయింది, కింది స్థాయిలు నీళ్లలో ఉన్నాయి. ఇనుప నడక దారి మీద నిలబడి చూస్తే, ఆ నీళ్లలో తుప్పు పట్టిన రాకెట్ భాగాలు, వంగిన ఇనుప దూలాలు పడున్నాయి. ఖైదీలు పడుకున్న హాళ్ల వైపు కూడా తీసుకెళ్తారు. ఎండాకాలమైనా మందపాటి జాకెట్, గ్రిప్ ఉన్న బూట్లు వేసుకోండి. చిన్నపిల్లల్ని తీసుకెళ్లకండి.

పోలండ్ వైపు వెళ్లేవాళ్లకి రీజె సొరంగాల్లో వ్వోదాజ్, ఒసూవ్కా, వాలిమ్-జెచ్కా తెరిచి ఉన్నాయి. వ్వోదాజ్‌లో నీళ్లు నిండిన భాగంలో పడవలో తిప్పుతారు. అక్కడ కొన్నిచోట్ల నిధుల కథలు కూడా టూరులో భాగంగా చెప్తారు, వాటికి ఆధారం అడగండి. రెండిటిలో ఒక్కటే చూసే వీలుంటే డోరాకే వెళ్లండి. అక్కడ గైడు ప్రతి లెక్కకీ ఏ కాగితం ఆధారమో చెప్పగలడు. ఇంకా ఏమైనా అడగాలంటే, ముఖ్యంగా బ్లాస్టింగ్, వెంటిలేషన్ గురించి, కింద రాయండి, తెలిసినంతవరకు చెప్తాను.